స్టీరింగు కింద చిక్కుముడి
పాత అంబాసిడర్‌ను పాత ఇనుము కాకుండా కాపాడిన రెండు రోజుల ఓపిక

అవనిగడ్డ: రాత్రి తొమ్మిది గంటల వేళ. కాలువ గట్టు మీద మలుపు తిరుగుతుండగా కారు తనంతట తానే హారన్ కొట్టడం మొదలుపెట్టింది. స్టీరింగు తిన్నగా ఉంచితే ఆగుతోంది, తిప్పితే మోగుతోంది. బండిలో వాళ్లు మొదట నవ్వుకున్నారు. మరి కాస్త దూరం పోయేసరికి స్టీరింగు కింద నుంచి కాలిన వాసన, దాని వెంటే పొగ. రెండు హెడ్‌లైట్లూ ఒక్కసారిగా ఆరిపోయాయి. ఒక పక్క నిండు కాలువ, మరో పక్క చేను. వెనుక సీట్లో ముసలి తల్లి, ఇద్దరు పిల్లలు.

అలవాటైన దారి కావడంతో బ్రేకు తొక్కి గట్టు మీదే ఆపగలిగాడు యజమాని. దిగి బానెట్ ఎత్తి, బ్యాటరీ మీది తీగను ఊడబెరికాడు. పొగ ఆగింది. ఆ ఒక్క పని చేయకపోతే బండి తగలబడి ఉండేదేనని తరువాత చూసిన మేస్త్రి అన్నాడు.

దివిసీమలోని ఒక రైతు కుటుంబానికి చెందిన ఈ అంబాసిడర్ 1986 నాటిది. మార్క్ 4 రకం, హ్యాండ్ గేరు బండి. తండ్రి కొన్న కారు. ఊళ్లో ఎన్ని పెళ్లిళ్లకు పూలదండలు వేసుకుని వెళ్లిందో లెక్క లేదు. ఆ రాత్రి తరువాత మాత్రం తల్లి పట్టుబట్టింది. "ఇక ఈ బండి గడపలో ఉండటానికి వీల్లేదురా" అంది. పాత ఇనుము వ్యాపారి వచ్చి ధర కూడా కట్టి వెళ్లాడు. అమ్మే ముందు ఒక్కసారి చూపిద్దామని యజమాని బండిని లారీ మీద విజయవాడ ఆటోనగర్‌కు చేర్చాడు.

కారుది కాదు తప్పు

అక్కడ పాత బండ్ల వైరింగు చేసే ఒక పెద్ద మేస్త్రి స్టీరింగు కింది తొడుగు విప్పాడు. లోపల పది పన్నెండు తీగలు, అన్నీ ఎర్రవే. ఏది హారన్‌దో, ఏది లైటుదో తెలిసే దారి లేదు.

కొంతకాలం కిందట రోడ్డు పక్కన చేయించిన రిపేరు ఇది. ఇండికేటర్ పనిచేయడం లేదని వెళితే, అసలు స్విచ్ తీసేసి వేరే బండికి చెందిన స్విచ్ బిగించారు. కాలితో నొక్కే డిమ్మర్‌ను తప్పించి, హెడ్‌లైట్ల కరెంటు మొత్తాన్ని ఈ కొత్త స్విచ్‌లోకి తెచ్చారు. వెలుగు చాలడం లేదని 100 వాట్ల బల్బులు కూడా వేశారు. రెండు బల్బులు కలిపి 200 వాట్లు. బ్యాటరీ 12 వోల్టులు. అంటే 16 ఆంపియర్లకు పైగా కరెంటు సన్నటి తీగ గుండా పోవాలి. మధ్యలో ఫ్యూజు లేదు.

ఆ తీగల కట్ట స్టీరింగు గొట్టం పక్కన రేకు అంచుకు ఆనుకుని ఉంది. గేరు వేసినప్పుడల్లా, స్టీరింగు తిప్పినప్పుడల్లా ఒరుసుకుంది. మొదట హారన్ తీగ పైపొర అరిగింది. ఈ బండ్లలో హారన్‌కు కరెంటు ఎప్పుడూ అంది ఉంటుంది. మీట నొక్కితే రెండో తీగ బాడీకి తగిలి మోగుతుంది. పొర పోయిన తీగ ఇనుముకు తగిలినా అంతే, మీట నొక్కినట్టే. అందుకే మలుపులో మోగింది. తరువాత లైటు తీగ పొర పోయింది. అది ఇనుముకు తగలగానే షార్టయి, కట్ట మొత్తం కాలింది.

రంగే ఆనవాలు

అంబాసిడర్‌కు మూలం ఇంగ్లండులో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సీరీస్. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ దీన్ని 2014 మే వరకు తయారు చేసింది. వైరింగుకు లూకాస్ వారి రంగుల పద్ధతి ఉంది. బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది గోధుమ రంగు. ఇంజిన్ స్విచ్ వేస్తే కరెంటు వచ్చేది తెలుపు. ఫ్యూజు దాటాక ఆకుపచ్చ. ఎడమ ఇండికేటర్‌కు ఆకుపచ్చ మీద ఎర్ర గీత, కుడికి ఆకుపచ్చ మీద తెల్ల గీత. ఫ్లాషర్ నుంచి స్విచ్‌కు వచ్చేది లేత ఆకుపచ్చ మీద గోధుమ గీత. హారన్ మీటది ఊదా మీద నల్ల గీత. హెడ్‌లైట్లవి నీలం. బాడీకి పోయేది నలుపు.

పైన రంగు వెలిసినా, పాత టేపు విప్పితే లోపల రంగు నిలిచే ఉంటుంది. అయితే చేతులు మారిన బండిలో రంగును ఒక్కదాన్నే నమ్మకూడదు. మేస్త్రి ఒక చిన్న 12 వోల్టుల బల్బు తీసుకున్నాడు. దాని ఒక కొస బాడీకి, మరో కొస తీగకు పెట్టి, ఒక్కొక్కటీ పరీక్షించాడు. తేలిన ప్రతి తీగకూ కాగితం చీటీ కట్టాడు. మొదటి రోజంతా ఇదే పని. ఒక్క తీగ కూడా కత్తిరించలేదు.

రెండో రోజు కాలిన తీగలు తీసి, అదే రంగు, అదే మందం ఉన్నవి వేశాడు. అతుకులకు టంకం పెట్టి స్లీవు తొడిగాడు. ఆటోనగర్ పాత సామాన్ల దుకాణంలో దొరికిన అసలు స్విచ్, కాలి డిమ్మర్ తిరిగి బిగించాడు. బల్బులు మార్చి, హెడ్‌లైట్లకు రిలే, ఫ్యూజులు పెట్టాడు. రిలే ఉంటే స్విచ్‌లో పావు ఆంపియరు కూడా పోదు. పెద్ద కరెంటు బ్యాటరీ నుంచి రిలే మీదుగా నేరుగా లైట్లకు పోతుంది. రేకు అంచు దగ్గర రబ్బరు బుష్ వేశాడు. చివరగా స్టీరింగును రెండు వైపులా కడదాకా తిప్పి, నాలుగు గేర్లూ, రివర్సూ వేసి, ఏ తీగా లాగడం లేదని చూసి తొడుగు మూశాడు.

అందరూ గమనించవలసినవి

ఊళ్లలో పాత కార్లు, జీపులు ఉన్నవారికి ఆ మేస్త్రి చెప్పే మాటలివి. హారన్ తనంతట తాను మోగినా, ఇండికేటర్ టిక్‌టిక్ వేగం మారినా రేపు చూద్దామనుకోరాదు. స్టీరింగు కింద పని చేసే ముందు బ్యాటరీ తీగ తీయాలి. ఫ్యూజు పోతే సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుట్టరాదు. ఫ్యూజు కాలకపోతే దాని బదులు తీగ కాలుతుంది. రిపేరు చేసేవారు అన్నీ ఒకే రంగు తీగలు వేస్తుంటే వద్దని చెప్పాలి. 15 ఏళ్లు దాటిన సొంత బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ తప్పదు కనుక, లైట్లు, హారన్ సరిగా ఉండటం ఎలాగూ అవసరమే.

బండి అవనిగడ్డ దారి పట్టేసరికి చీకటి పడింది. యజమాని కావాలనే కాలువ గట్టు మీదుగా వచ్చాడు. మలుపులో హారన్ మోగలేదు. మర్నాడు పాత ఇనుము వ్యాపారి వస్తే, గుమ్మంలో కూర్చున్న తల్లే అతణ్ణి తిప్పి పంపేసింది.