ఇంట్లో ఒక పేరు, బడిలో ఒక పేరు

కైవార తాతయ్య అసలు పేరు నారాయణప్ప. అమరనారేయణస్వామిని కొలిచి, తెలుగులోనూ కన్నడంలోనూ పాడిన ఆయన్ను మనం యోగి నారేయణ అంటాం. ‘రా’ కాదు, ‘రే’. ఆ ఒక్క అక్షరంతోనే ఆ పేరు కైవారదని తెలిసిపోతుంది.

మనవడికి తాత పేరు పెట్టడం మన ఇళ్లలో పాత అలవాటు. మామగారి పేరు కోడలు పలకకూడదని ఆ బిడ్డను ‘అప్పయ్యా’ అనో, ‘చిన్నోడా’ అనో పిలుచుకుంటారు. అలా ఒక్క బిడ్డకే రెండు పేర్లవుతాయి.

ఇందులో తప్పేమీ లేదు. చిక్కంతా కాగితాల దగ్గరే. జనన పత్రంలో నారాయణ, ఆధార్‌లో నారేయణ, బడి రిజిస్టరులో ముద్దుపేరు ఉంటే, ఎస్సెస్సెల్సీ నాటికి బిడ్డ ఆఫీసుల చుట్టూ తిరగాలి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరేటప్పుడు పుట్టిన తేదీకి జనన పత్రమే ఆధారం. పేరు లేకుండా జననం నమోదై ఉంటే, ఏడాదిలోగా రుసుము లేకుండా పేరు చేర్పించవచ్చు. ఆ తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుము కట్టాలి.

టీచర్లుగా మనం చేయగలిగింది ఒకటుంది. బిడ్డను చేర్చుకునే రోజునే పేరును తెలుగు, కన్నడ, ఇంగ్లీషు లిపుల్లో రాసి, ఇంటి పెద్దలకు చదివి వినిపిద్దాం. వాళ్లు సరేనన్నాకే రిజిస్టరులో ఎక్కిద్దాం.