పట్నం చూసొద్దాం రండి

కుంభారిలో మా అక్క ఇంటి అరుగు మీద కూర్చుంటే చాలు, ఈమధ్య ఎవరో ఒకరు వచ్చి ఒకే మాట అడుగుతున్నారు. "తమ్ముడా, మీరు పట్నం పోయొచ్చినరు గదా, ఎంత ఖర్చయింది? ఎన్ని రోజులు వట్టింది?" అని. అందరికీ విడివిడిగా చెప్పే బదులు మన పత్రికలో ఒకసారి రాస్తే నలుగురికీ ఉపయోగపడుతుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మన పెద్దవాళ్ళకు పట్నం అంటే హైదరాబాదే. షోలాపూర్ ఎంత పెద్ద ఊరైనా షోలాపూరే. కరీంనగర్, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు వైపుల నుంచి మన తాతలు మిల్లుల్లోకి, మగ్గాల మీదికి పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. పెళ్ళికో, కర్మకో సొంత ఊరికి వెళ్ళి వస్తూనే ఉన్నారు. కాని వారిలో చాలామంది తమ రాజధానిని నింపాదిగా ఒక్కసారైనా చూడలేదు. స్టేషన్‌లో బండి దిగి మరో బండి ఎక్కడమే వారు చూసిన పట్నం. మా ఇంట్లో కూడా అంతే.

నేను చేసిన తప్పు

ముందుగా నా తప్పు చెప్పుకుంటాను. 1995లో, నాకు బ్యాంకులో ఉద్యోగం వచ్చిన కొత్తలో, బాపును హైదరాబాదు తీసుకువెళ్ళాను. బాపు చాదర్ల మగ్గం మీద బతుకంతా గడిపిన మనిషి. మిల్లు భోంగా కూస్తే లేవడం, భోంగా కూస్తే తినడం అలవాటైన కాలం ఆయనది. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక గడియారం ఉందనీ, గంట గంటకూ అందులోంచి చిన్న బొమ్మ మనిషి బయటికి వచ్చి గంట కొట్టి లోపలికి వెళ్ళిపోతాడనీ ఎవరో చెప్పగా విన్నాడు. ఆయన కోరిక అదొక్కటే.

నేనేమో కొత్త ఆఫీసరు హుషారులో ఒక్క రోజుకు ఏడు స్థలాల జాబితా రాసుకున్నాను. ఉదయం నుంచి ఆయన్ని పరుగులు పెట్టించి, మధ్యాహ్నం మ్యూజియం గేటు దగ్గరికి తీసుకువెళితే తాళం వేసి ఉంది. ఆ రోజు శుక్రవారం. శుక్రవారం మ్యూజియానికి సెలవు అని నేను ఎవరినీ అడగలేదు. బాపు గేటు పక్కన నీడలో కూర్చుని, "పోనీలే కొడుకా, మళ్ళొక్కపారి వద్దాం" అన్నాడు. ఆ మళ్ళీ రాలేదు. 1998లో ఆయన పోయాడు.

బ్యాంకులో వేల కాగితాలు సరిచూశాను గాని, ఆ ఒక్క తేదీని సరిచూడలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే కిందటి ఏడాది మా అవ్వను తీసుకువెళ్ళాలనుకున్నప్పుడు పద్ధతి మార్చాను.

మనిషికి ఒక్కటి

మా అక్క ఉండేది కుంభారిలో 2006లో బీడీ కార్మిక మహిళలకు ఇళ్ళు వచ్చిన కాలనీలో. ఆ తర్వాత 2024 జనవరిలో అదే కుంభారిలో రేనగర్ ఇళ్ళు, 15,000 గడపలు, కార్మిక కుటుంబాలకు అందాయి. కాబట్టి ఇప్పుడు ఇక్కడ అరుగు మీద నలుగురు చేరడం పెద్ద కష్టం కాదు. ఒక సాయంత్రం అక్క ఇంట్లో అందరం కూర్చున్నాం. అవ్వ, అక్క, బావ, మా ఆవిడ, మేనకోడలు, ఆమె ఇద్దరు పిల్లలు, నేను. మొత్తం 8 మందిమి.

నేను అందరినీ ఒకే ప్రశ్న అడిగాను. "పట్నంలో మీరు ఒక్కటే చూడాలంటే ఏది చూస్తారు?" జవాబులు కాగితం మీద రాశాను. మేనకోడలు చార్మినార్ అంది. మా ఆవిడ లాడ్ బజారు గాజులంది. పెద్ద పిల్లవాడికి గోల్కొండ కోట. చిన్నదానికి నీళ్ళ మధ్య బుద్ధుడు. బావ పవర్‌లూమ్ మనిషి, ఆయన పోచంపల్లి మగ్గం చూడాలన్నాడు. అక్క, "ఏదైనా సరే, ఒక్క పూట కూర్చోవాలె" అంది. అవ్వ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "మీ బాపు చూడని గడియారం" అంది.

ఇక జాబితా తయారైనట్టే. పటంలో ఉన్నవన్నీ చూడాలని బయలుదేరితే ఎవరూ ఏదీ చూడరు. మనిషికి ఒకటి చొప్పున పెట్టుకుంటే అందరి మాటా నెగ్గుతుంది, మిగిలినవి చూసినా చూడకున్నా లోటు ఉండదు.

తేదీలు

సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ శుక్రవారం మూసి ఉంటాయి. జూ పార్కుకు సోమవారం సెలవు. అందువల్ల మేము శుక్రవారం రాత్రి బయలుదేరి, శని, ఆది, సోమవారాలు ఉండి, సోమవారం రాత్రి తిరుగు బండి ఎక్కేలా పెట్టుకున్నాం. పిల్లలకు జూ చూపించాలనుకునేవారు ఆదివారమే ముగించుకోవాలి. పండుగలకు, ప్రత్యేక రోజులకు వేళలు మారుతుంటాయి కాబట్టి బయలుదేరే వారం ఒకసారి కనుక్కోండి. ఎండాకాలం మాత్రం వద్దు. కోట రాళ్ళు మన షోలాపూర్ ఎండను మరిపిస్తాయి. కార్తీకం నుంచి మాఘం దాకా మంచిది.

రైలుకు ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే రిజర్వేషను. ముసలివాళ్ళకు కింది బెర్తు అడగండి. వృద్ధులకిచ్చే టికెట్ రాయితీ 2020లో ఆగిపోయింది, దాన్ని లెక్కలో వేసుకోవద్దు. బండి కలబురగి, వాడి, తాండూరు, వికారాబాదు మీదుగా వెళుతుంది.

బస్సులో వెళితే సుమారు 300 కిలోమీటర్లు. మన ఎస్.టి.లో ఆడవాళ్ళకున్న సగం టికెట్ మహారాష్ట్ర హద్దు వరకే. హైదరాబాదు సిటీ బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచితం అని విని మా అక్క సంబరపడింది గాని, అది తెలంగాణ అడ్రసు ఉన్నవారికే. మన ఆధార్‌లో ఉన్నది షోలాపూర్ జిల్లా. "మన దేశంల మనమే పరాయోళ్ళమయితిమి" అని నవ్వి టికెట్ తీసుకుంది.

డబ్బు

మన ఆడవాళ్ళకు భిశీ కొత్త కాదు. మేము ఏడాది ముందే తలా నెలకు 250 రూపాయలు వేశాం. 12 నెలలకు మనిషికి 3,000. ఎనిమిది మందికి 24,000. అందులో ప్రయాణం, బస, భోజనం, ఆటోలు, టికెట్లు అని వేరువేరు కవర్లు పెట్టి, పదోవంతు ముట్టుకోకుండా మందులకు, అనుకోని ఖర్చుకు ఉంచాం. మీ ఖర్చు మీరు దిగే లాడ్జిని బట్టి ఎక్కువ తక్కువలుంటుంది.

కామర్స్ చదివినవాడిగా ఒక మాట చెబుతాను. పోయిన కూలి కూడా ఖర్చే. బీడీలు చుట్టేవారికి, మగ్గం నడిపేవారికి పనికి పోని రోజు కూలి లేదు. ఆ మూడు రోజుల కూలిని ముందే లెక్కలో కలపకపోతే, తిరిగొచ్చిన వారం ఇంట్లో సరుకులకు కష్టమవుతుంది. అప్పుడు యాత్ర సంతోషమంతా అప్పు కింద జమ అవుతుంది. అప్పు చేసి మాత్రం వెళ్ళవద్దు, ఇంకో ఆరు నెలలు ఆగండి.

మొదటి పూటకు కడక్ రొట్టెలు, శేంగా చట్నీ ఇంటి నుంచే కట్టుకువెళ్ళాం. అందరి గుర్తింపు కార్డులూ ఉండాలి. చార్మినార్, గోల్కొండల్లో 15 ఏళ్ళలోపు పిల్లలకు టికెట్ లేదు కనుక వాళ్ళ స్కూలు కార్డులూ పెట్టుకోండి.

మూడు రోజులు

శనివారం పొద్దున దిగి, నాంపల్లి స్టేషన్ దగ్గర లాడ్జిలో స్నానాలు, టిఫిన్లు ముగించుకున్నాం. నాంపల్లిలో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగితే మ్యూజియానికి ఆటోలో కొద్ది దూరమే. పదకొండున్నర లోపల గడియారం ముందు కూర్చోవాలి. పన్నెండు గంటలకు పన్నెండు దెబ్బలు కొడుతుంది గనుక జనం ఆ వేళకే ఎక్కువగా చేరుతారు. తర్వాత ముసుగు వేసుకున్న రెబెకా పాలరాతి బొమ్మ చూడండి. రాతిలో పలుచటి బట్ట ఎలా చెక్కాడోనని నేతవాళ్ళం మనం తప్పక ఆగిపోతాం. అన్ని గదులూ తిరగబోకండి, మోకాళ్ళు ఊరుకోవు.

సాయంత్రం చార్మినార్. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కొత్త నగరం కట్టినప్పటిది. లోపలి మెట్లు ఇరుకుగా, సుడి తిరుగుతూ ఉంటాయి. పెద్దవాళ్ళను కింద కూర్చోబెట్టడమే మేలు. పక్కనే మక్కా మసీదు. కుతుబ్‌షాహీలు మొదలుపెడితే ఔరంగజేబు 1694లో ముగించాడు. దీపాలు వెలిగాక లాడ్ బజారు బాగుంటుంది. బేరం మా ఆవిడకు వదిలేశాను.

ఆదివారం ఎండ ఎక్కకముందే గోల్కొండ. పైకి 350కి మించి మెట్లు. మేము రెండు జట్లయ్యాం. అవ్వ, అక్క, నేను కింద ద్వారం గుమ్మటం దగ్గర, మిగతావారు పైన. కింద చప్పట్లు కొడితే పైన శిఖరం దాకా వినిపించేలా కట్టారు. అవ్వ కొట్టిన చప్పట్లు పైన విని మనవడు కండువా ఊపాడు. పైకి వెళ్ళే దారిలో భద్రాచలం రామదాసును ఉంచిన చెర చూశారు. దగ్గరలోనే కుతుబ్‌షాహీ సమాధులు. సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద అక్క కోరిన కూర్చోవడం. ఎదురుగా ఉన్న బుద్ధుడు 1990లో తెప్ప ఒరిగి మనుషుల ప్రాణాలు తీసుకుంటూ మునిగిపోయి, 1992లో పైకి లేచినవాడు. చిన్నది ఆ కథ మూడుసార్లు చెప్పించుకుంది.

సోమవారం పోచంపల్లి. అది పట్నం కాదు, నల్లగొండ దారిలో సుమారు 45 కిలోమీటర్లు. నేయకముందే నూలుకు ముడులు కట్టి రంగులద్ది, ఆ రంగులన్నీ మగ్గం మీద ఒక్క చోట కలిసేలా నేయడం బావ కళ్ళప్పగించి చూశాడు. 1951లో వినోబా భావే భూదానం మొదలైన ఊరు కూడా అదే.

దారిలో పిల్లలకు చెప్పండి

మన ఊరికీ ఆ పట్నానికీ సంబంధం మన కూలితో మొదలైంది కాదు. షోలాపూర్, గోల్కొండ రెండూ ఒకప్పుడు బహమనీ రాజ్యంలోవే. ఔరంగజేబు 1685లో షోలాపూర్‌లో విడిది చేసి బీజాపూర్ మీద యుద్ధం నడిపి, 1687లో గోల్కొండ పట్టుకున్నాడు. 1948 సెప్టెంబరు 13న నిజాం మీదికి భారత సైన్యం ముఖ్యంగా కదిలింది షోలాపూర్ నుంచే. మొదటి రోజే నల్‌దుర్గ్ చేతికొచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. మీ బస్సు వెళ్ళేది ఆ దారినే.

ఇంకొకటి. మన పిల్లలు మరాఠీ బడిలో చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు, అక్షరాలు మాత్రం రావు. బయలుదేరే ముందు రెండు నెలలు రోజుకు కొన్ని అక్షరాలు నేర్పించాం. బోర్డు చదివితే చాక్లెట్ అన్నాం. మొదటి రోజు తడబడ్డారు. మూడో రోజుకు మా మనవడు బస్సు మీది ఊరి పేరు చదివి చెప్పి, కండక్టరు తెలుగులోనే జవాబిస్తే తెల్లబోయాడు. "తాతా, ఇక్కడ పోలీసు కూడా తెలుగే మాట్లాడతడు" అన్నాడు. ఇంటి భాషకు ఇంత పెద్ద ఊరుందని వాడికి అప్పుడే తెలిసింది.

గడియారం సంగతి

చివరిగా అవ్వ మాట. పన్నెండు కావస్తుండగా చిన్న తలుపు తెరుచుకుని గడ్డం మనిషి వచ్చాడు. పన్నెండు దెబ్బలు కొట్టి లోపలికి వెళ్ళిపోయాడు. జనం లేచారు. అవ్వ నా వైపు తిరిగి, "గింతేనా? గింత దానికా మీ బాపు గంత పావురపడ్డది?" అని నవ్వింది. నాకూ నవ్వు వచ్చింది. ముప్పై ఏళ్ళుగా మోస్తున్న బరువు కొంచెం జరిగినట్టయింది. లేద్దామంటే ఆమె లేవలేదు. "మళ్ళ ఎప్పుడు కొడ్తడు?" అంది. ఒంటి గంటకు ఒక్కటే దెబ్బ అవ్వా, అన్నాను. "కొట్టనీ. అది మీ బాపుది" అంది. ఒంటి గంట దాకా అక్కడే కూర్చున్నాం.

కాబట్టి మీరు పట్నం బయలుదేరే ముందు ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి, మీకు ఏది చూడాలని ఉంది అని. ఆ ఒక్కటి కాగితం మీద మొదట రాసి, అది ఏ వారం మూసి ఉంటుందో కనుక్కుని, తర్వాతే టికెట్ తీసుకోండి. "మళ్ళొక్కపారి" అన్న మాట మీద మాత్రం ఏదీ వదిలిపెట్టకండి.

శుభ ప్రయాణం.