కనుమ బొట్టు ఎవరికి?

భోగి ముందు రోజు సాయంత్రం మండపేట కలువపువ్వు సెంటర్లో కాసేపు నిలబడి చూడండి. హైదరాబాదు నుంచి వచ్చిన కార్లు, బట్టల సంచులతో ఆటోలు, ముగ్గు పిండి బళ్లు, సైకిలు వెనక చెరకు గడలు... వాటి మధ్య ఓ పెద్దాయన రోడ్డు దాటలేక ఆగిపోయి ఉంటాడు. చేతిలో పూతరేకుల డబ్బాలు. కొత్తల్లుడు దిగుతున్నాడు కాబోలు! మూడు రోజుల పండుగకి ముప్ఫై రోజుల హడావుడి మరి.

ఆ హడావుడిలో పడి మనం మరిచిపోయేది ఒకటుంది. సంక్రాంతి అంటేనే మేలు చేసినవాళ్లని తలుచుకునే పండుగ. 'ధన్యవాదాలు' అని నోటితో చెప్పడం మన ఇళ్లలో అలవాటు లేదు. చెప్పి చూడండి, ఒంట్లో బాగానే ఉందా అని అడుగుతారు. అందుకే మనవాళ్లు చెప్పలేదు, పెట్టారు. పాలు పొంగించి సూర్యుడికి పెట్టారు. కొత్త వరి కంకుల్ని కుచ్చులుగా అల్లి, చూరుకి కట్టి పిచ్చుకలకి పెట్టారు. హరిదాసు గిన్నెలో దోసెడు బియ్యం పోశారు. పోయిన పెద్దలకి కొత్త బట్టలు పెట్టాకే తాము కట్టుకున్నారు.

ఆ పెద్దల వరసలోకి ఓ ఇంగ్లీషాయన కూడా వచ్చి చేరాడు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. మండపేట చుట్టుపక్కల చేలకి కాలువలో వచ్చే నీళ్లు అక్కడివే. గోదావరి రేవుల్లో తర్పణాలు వదిలేటప్పుడు కాటన్ దొర పేరు కూడా తలుస్తారని ఇక్కడివాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. దేశం వేరు, మతం వేరు. గోదారోళ్లకి అవేవీ అడ్డం రాలేదు!

అలాగని పాతకాలమంతా బంగారం అనుకోనక్కర్లేదు. కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు చాకలికి, మంగలికి, కమ్మరికి 'మేర' అని కొలిచి ఇచ్చేవారు. దాన్ని ఇప్పుడు కొందరు దానగుణం కింద చెబుతుంటారు. నాకైతే ఒప్పుకోబుద్ధి కాదు. అది ఏడాదంతా చేసిన చాకిరీకి కూలి. బాకీ తీర్చడం వేరు, తలుచుకోవడం వేరు.

ఇక కనుమ. పశువుల్ని కడిగి, కొమ్ములకి రంగులేసి, మెడలో గంటలు కట్టి, నుదుట బొట్టు పెట్టే రోజు. దుక్కి దున్నింది, బండి లాగింది అవే కదా! మరి ఇప్పుడో? దున్నేది ట్రాక్టరు, కోసేది యంత్రం. చాలా ఇళ్లలో కనుమంటే మినప గారెలు, కోడికూర, ఆ పైన పందెం బరి. బొట్టు పెట్టడానికి ఎద్దు లేదు.

ఎద్దు లేకపోతే చాకిరీ చేసేవాళ్లే లేరా? ఈ ఊరికి పేరు తెచ్చినవి రైసు మిల్లులు, కోళ్ల ఫారాలు. అక్కడ బస్తాలు మోసే హమాలీ ఉన్నాడు. కోళ్లకి పండుగని తెలీదు కాబట్టి, భోగి నాడైనా తెల్లారేసరికి మేత వేసి గుడ్లు ఏరాల్సిన కుర్రాడున్నాడు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. మనల్ని తిరిగి హైదరాబాదు చేర్చడానికి బస్సు డ్రైవరు మాత్రం కదలాల్సిందే. వీళ్లకి ఓ గారెల పొట్లం ఇచ్చి, "మీరూ తినండి" అనడానికి ఎంతసేపు పడుతుంది?

అసలు అంత దూరం పోవడం ఎందుకు? నిరుడు కనుమకి మా ఇంట్లో మూడు బంతులు లేచాయి. పెద్దలకి బట్టలు పెట్టిన చోటే అరిటాకులు వేసుకుని అందరం తిన్నాం. అమ్మ తినేసరికి మూడున్నర దాటింది. విరిగిన గారెలు, అడుగున మిగిలిన పులుసు. ఎన్నేళ్లుగానో ఇదే వరస. చూస్తూనే ఉన్నాం, పట్టించుకోలేదు.

ఈసారి కనుమకి అక్క మొదటి ఆకు అమ్మకే వేసింది.

"నేను తరవాత తింటాన్లేవే, ముందు బావగారికి పెట్టు" అంది అమ్మ.

"నేనే వడ్డిస్తున్నానండీ అత్తయ్యగారూ" అన్నాడు బావ, గారెల పళ్లెం పట్టుకుని.

కూర్చుంది. కోడికూరలో ఉప్పు చూస్తానని ఒకసారి లేవబోయింది. పిల్లలకి నెయ్యి వేస్తానని ఇంకోసారి. మూడోసారి లేవకముందే నాన్న గరిటె పట్టుకెళ్లి పెరట్లో దాచేశాడు.