ఆరవ తరగతికి ఏ బడి?

శ్రీరామసాగర జలాశయమునకు చేరువనున్న మెండోర మండలమున, పసుపును వరియు పండించు పల్లెలలో, అయిదవ తరగతి ముగించిన బిడ్డను ఎచ్చటికి పంపవలెనను విచారము ప్రతి వేసవియందును తల్లిదండ్రులను కలచుచుండును. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో రుసుము లేదు, మధ్యాహ్న భోజనము కలదు. ఆదర్శ పాఠశాలకును నవోదయకును ప్రవేశపరీక్షలో నెగ్గవలెను. కస్తూర్బా విద్యాలయము బాలికలకు మాత్రమే. గురుకులమునకైతే నాల్గవ తరగతి నాడే ప్రయత్నింపవలెను.

ఈ ఎంపికలో కోశాగారపు లెక్కయు దాగియున్నది. తెలంగాణ తొలి బడ్జెటులో విద్యకు నూటికి పది పైబడి దక్కగా, 2024-25లో 2,91,159 కోట్లలో దానికి లభించినది 21,292 కోట్లు, అనగా నూటికి ఏడు కంటె కొంచెము మించి. నిధి చాలనిచోట ఉపాధ్యాయుని కుర్చీ ఖాళీగా మిగులును. అది చూచి, బీడీలు చుట్టి కూడబెట్టిన తల్లి ఆ పైకమును ప్రైవేటు బడికి ధారవోయును. అటుపిమ్మట పిల్లలు తగ్గిరని మరల పోస్టులను తగ్గించుట నాకు ఘోరమైన అన్యాయముగా తోచును.

2009 నాటి విద్యాహక్కు చట్టము ఆరు మొదలు ఎనిమిది తరగతులకు 35 మందికొక ఉపాధ్యాయుని, గణిత విజ్ఞానములకును, సాంఘికమునకును, భాషలకును కనీసమొక్కొక్క బోధకుని విధించినది. భవనపు రంగును గాక, ఆ మూడు స్థానములు నిండియున్నవా యని ప్రవేశమునకు ముందే ప్రధానోపాధ్యాయుని అడుగుట తల్లిదండ్రుల హక్కు.