పెరటి పంటకు ధర కట్టడం – షరీఅత్ దృష్టిలో

సికింద్రాబాదులోని యాప్రాల్ వంటి ప్రాంతాలలో ఇంటి పెరట్లో మునగ, కరివేపాకు, జామ, ఆకుకూరలు పెంచి, వాడకం పోగా మిగిలినవి అమ్ముదామనుకునే వారికి ఒక సందేహం కలుగుతుంది. వీటి ధరను ఏ లెక్కన నిర్ణయించాలి? అయినకాడికి ఇచ్చివేయవచ్చునా? మందు కొట్టని పంట గనుక అధికంగా అడగవచ్చునా?

మొదట మూలసూత్రాన్ని చూద్దాం. మదీనాలో ధరలు పెరిగినపుడు ప్రజలు ధర నిర్ణయించమని దైవప్రవక్త (స)ను కోరారు. ధరలను నిర్ణయించేవాడు అల్లాహ్‌యేనని, ఎవరి ధనం విషయంలోనూ అన్యాయపు ఆరోపణ తనపై లేకుండా తాను అల్లాహ్‌ను కలుసుకోగోరుతున్నానని ఆయన సమాధానమిచ్చారు. హజ్రత్ అనస్ (ర) ఉల్లేఖించిన ఈ హదీసు అబూదావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది. కనుక అమ్మకందారును బలవంతపెట్టకపోవడమే అసలు నియమం. అయితే వర్తకులు హద్దుమీరి ప్రజలకు హాని చేస్తుంటే, వేరే మార్గం లేనపుడు, అనుభవజ్ఞులను సంప్రదించి ధర కట్టవచ్చునని హనఫీ గ్రంథం ‘హిదాయా’ చెబుతుంది. కొరతవల్ల సహజంగా పెరిగిన ధర వేరు, కుమ్మక్కై పెంచిన ధర వేరు అని ఇమామ్ ఇబ్నె తైమియా (మరణం 1328) వివరించారు.

మన ప్రాంతంలో 1999 జనవరి 26న ప్రారంభమైన రైతు బజార్లను ఈ వెలుగులో పరిశీలించవచ్చు. యాప్రాల్‌కు సమీపంలోని అల్వాల్‌లోనూ ఒకటి ఉంది. టోకు ధరకు కొంత పైన, బయటి చిల్లర ధరకు కొంత దిగువన రేటు కట్టి బోర్డుపై రాయడం వాటి పద్ధతి. దళారి లేనందువల్ల ఆ మధ్య భాగం రైతుకూ, కొనేవారికీ పంచబడుతుంది. పల్లె నుండి సరకు తెచ్చేవారికి సంత ధర తెలియకముందే దారిలో ఎదురేగి కొనడాన్ని దైవప్రవక్త (స) నిషేధించడంలోని పరమార్థం కూడా ఇటువంటిదే.

ఇక అతి చౌకగా అమ్మే విషయం. హజ్రత్ హాతిబ్ (ర) ఎండుద్రాక్షను తక్కువ ధరకు అమ్ముతుండగా హజ్రత్ ఉమర్ (ర) చూసి, ధర పెంచమని, లేదా బజారు విడిచి వెళ్లమని అన్నారు. ఇది ఇమామ్ మాలిక్ ‘మువత్తా’లో ఉంది. ఇమామ్ షాఫయీ ఉల్లేఖనం ప్రకారం ఉమర్ (ర) తర్వాత ఆయన ఇంటికి వెళ్లి, అది తీర్పు కాదు, ప్రజల మేలుకోరి చెప్పిన మాట మాత్రమే, మీ ఇష్టప్రకారం అమ్ముకోండి అన్నారు. అందుచేత చౌకగా అమ్మడం హరామ్ అనలేము. కాని పెరటి పంట మనకు మిగులు; పక్కన గంప పెట్టుకున్న రైతుకు అదే జీవనాధారం. అతని బేరం చెడగొట్టడం కంటే మిగిలినది ఇరుగుపొరుగు వారికి ఉచితంగా పంచడం ఉత్తమం.

ఆచరణలో ఇలా చేయవచ్చు. విత్తనం, ఎరువు, నీరు, శ్రమ లెక్కవేసి, ఆనాటి బజారు రేటుతో సరిచూసుకోవాలి. మందు కొట్టని మాట నిజమైతే కొంత ఎక్కువ అడగడంలో దోషం లేదు. కొనేవారు ఇష్టపడి ఇవ్వాలి. వాడిన ఆకును కట్ట లోపల దాచరాదు. ధాన్యపు రాశిలో తడిని దాచిన వ్యాపారిని దైవప్రవక్త (స) మందలించారు. తూకంలో తగ్గించేవారికి దివ్యఖుర్ఆన్ 83వ సూరా ఆరంభంలోనే వినాశనపు హెచ్చరిక ఉంది. ధర ఎంతైనా, అమ్మేవారి ముందు ఉభయుల సమ్మతి, సరకులో నిజాయితీ ఉండాలి. అపుడే ఆ సంపాదనలో బర్కత్ ఉంటుంది.