ఆఱువేల డాలర్ల బాకీ

జాబు కొఱకు వాకిటివంక చూచుట మన స్త్రీలకు క్రొత్త కాదు. దూరమున నున్న బిడ్డ క్షేమము తెలుపు కార్డుముక్క చేతికందిన దినమున, దానిని మోసి తెచ్చినవానికి జీతము ముట్టినదా యని మన మెన్నడును విచారింపము. అమెరికా దేశమున నట్టి జీతము కొఱకు రాజధాని వఱకు పోయి వట్టిచేతులతో మరలిన యొకని వృత్తాంతము నీ మాసమున మా సోదరీమణులకు వినిపింపఁ దలఁచితిమి.

ఆతని పేరు జాన్ థాంప్సను. 1827లో నార్వే దేశపు టెలిమార్కు సీమలో జన్మించి, పదేండ్ల ప్రాయమున తల్లితో అమెరికా చేరెను. బంగారమున్నదన్న వార్త విని 1851లో కాలిఫోర్నియాకు పోయెను గాని, గనులలో నేమియు మిగులక సేద్యమునకు దిగెను. కాలిఫోర్నియాలోని ప్లాసర్‌విల్ పట్టణమునకును, తూర్పున కార్సన్ లోయలోని జెనోవా గ్రామమునకును నడుమ సియెర్రా నెవాడా పర్వతము లడ్డుగా నున్నవి. దారి 90 మైళ్లు. చలికాలము వచ్చిన నది మంచుతో మూసికొనిపోవును. మంచనఁగా మన ధనుర్మాసపు పొగమంచు కాదు. నిలువెత్తు గుంజలను గూడ కప్పివేయునట్లు పేరుకొనునది. బండ్లు కదలవు, గుఱ్ఱములు దిగఁబడును. లోయలోని కుటుంబములకు చలికాలమంతయు జాబు లేదు, కబురు లేదు.

1856 జనవరిలో థాంప్సను తపాలు సంచి భుజమున వైచుకొని బయలుదేఱెను. చిన్ననాఁడు స్వదేశమునఁ జూచిన రీతిని తలఁచుకొని, ఓకు కఱ్ఱతో పదేసి యడుగుల జాఱుడు పలకలను తానే చెక్కుకొనెను. వాని బరువే 25 పౌండ్లు. సంచి బరువు 60 మొదలు 100 పౌండ్ల వఱకు నుండెడిది. ఇంత మోయవలసి వచ్చుటచేతఁ గాఁబోలు, కంబళి యొక్కటియుఁ గొనిపోఁడు. ఎండఁబెట్టిన మాంసము, బిస్కత్తులు ఆహారము, దప్పికకు మంచే. రాత్రివేళ ఎండిన మ్రోడునకు నిప్పంటించి, దానివంక పాదములు చాఁచి నిద్రించెడివాఁడు. పోవుటకు మూఁడు దినములు, మరలుటకు రెండు దినములు.

ఆ 1856 డిసెంబరులోనే యొక చిన్న కుటీరమున సిస్సన్ అనువాఁడు కాళ్లు గడ్డకట్టి పడియుండఁగా థాంప్సను చూచెను. జెనోవాకు పోయి మనుష్యులను దోడి తెచ్చి, రోగిని మంచుబండిపై చేర్పించెను. కాళ్లు తీయవలయును, మత్తుమందు లేదని వైద్యుఁడు చెప్పఁగా, మరల కొండలు దాఁటి శాక్రమెంటో వఱకుఁ బోయి క్లోరోఫారము తెచ్చెను. సిస్సన్ బ్రదికెను. ఇది తపాలా యుద్యోగములో భాగమా యని యడుగువా రుండవచ్చును. ఆ మాటకు వచ్చిన నాతనికి ఉద్యోగమే లేదు.

చిక్కంతయు నిచ్చటనే యున్నది. సంచి యిచ్చినవా రిచ్చిరి, పుచ్చుకొన్నవారు పుచ్చుకొనిరి. కాని వ్రాఁతపూర్వకమైన కంట్రాక్టు థాంప్సను చేత లేదు. ఖజానా కాపాడవలసినవారు కాగితమడుగుట న్యాయమే యని మేమును ఒప్పుకొందుము. ఐనను కాగిత మున్నవాని గతి యేమైనది? జార్జి చార్పెనింగ్ అను నాతఁడు 1851లో భాగస్వామితోఁ గూడ శాక్రమెంటో, సాల్ట్‌లేకు పట్టణముల నడుమ తపాలు మోయుటకు సాలునకు 14,000 డాలర్లకు కంట్రాక్టు వ్రాసికొనెను. ఆ యేఁడే భాగస్వామి దారిలో హతుఁడయ్యెను. నష్టములకై చార్పెనింగ్ దశాబ్దములు పోరాడఁగా, 1870లో పోస్టుమాస్టరు జనరలు 4,43,010 డాలర్లకుఁ బైగా నీయవలయునని తేల్చెను. అంత కాంగ్రెసువారికి అనుమానము పుట్టి, ఆధారమైన తీర్మానమునే 1871లో రద్దుచేసిరి. 1876లో సుప్రీము కోర్టుగూడ నాతని వాదమును త్రోసివేసెను.

థాంప్సను కోరినది 6,000 డాలర్లు మాత్రమే. ఆయన పక్షమున నెవాడా శాసనసభవారు కాంగ్రెసునకు విన్నపము పంపిరి. ఫలము కానరాక, 1870 తరువాతి యొక చలికాలమున తానే వాషింగ్టనునకు రైలెక్కెను. వయోమింగు సీమలో రైలు మంచునఁ జిక్కుకొనెను. తోడి ప్రయాణికులు పెట్టెలలో కూర్చుండి యుండఁగా, ఈతఁడు దిగి నడచి లారమీ చేరెను. అచటి నుండి షయెన్ వఱకు మఱి 56 మైళ్లు నడచి, తూర్పునకుఁ బోవు రైలు పట్టుకొనెను. మంచును జయించిన యా కాళ్లు కచేరీల మెట్లయొద్ద నోడినవి. ఒక్క డాలరును మంజూరు కాలేదు.

ఆయన భార్య యాగ్నెస్. 1866లో వివాహమైనది, ఒక్కఁడే కుమారుఁడు, ఆర్థరు. భర్త కొండలమీఁద నుండఁగా పొలమును, బిడ్డను చూచుకొన్నది ఆమెయే. ప్రభుత్వపు లెక్కలలో నామె పాలు ఎవరును కట్టలేదు. 1876 వసంతమున థాంప్సను వ్యాధిగ్రస్తుఁడై, నడువలేక గుఱ్ఱముమీఁద నుండియే విత్తనములు చల్లెనని చెప్పుదురు. మే 15వ తేదీన మృతి నొందెను. రెండేండ్లకు ఆర్థరును గతించెను. తండ్రీకొడుకుల సమాధులు జెనోవాలోనే యున్నవి. తండ్రి సమాధి ఱాతిమీఁద రెండు జాఱుడు పలకలు ఒకదానిపై నొకటి యడ్డముగాఁ జెక్కఁబడి యున్నవి.