పాత సామాన్లవాడికి వెయ్యకండి!

ఇంటికి సున్నం బదులు బీరు డబ్బాలు పట్టించిన మహానుభావుడు ఒకాయన ఉన్నాడని మీకు తెలుసా? పేరు జాన్ మిల్కోవిష్. ఊరు అమెరికాలోని హ్యూస్టన్. రైలు పెట్టెల్లో సీట్లు కుట్టడం ఆయన వృత్తి. 1968లో, ఇంటి ముందు గడ్డి కొయ్యలేక విసుగొచ్చి, అంతా సిమెంటు పోసేసి గోళీలు పొదిగాడు. ఆ తర్వాత కన్ను గోడల మీద పడింది. డబ్బాలు కోసి, చదును చేసి ఇల్లంతా కప్పేశాడు. మూతలు దండలుగా గుచ్చి చూరుకు వేలాడదీశాడు. లెక్కేసినవాళ్లు 50,000 డబ్బాలకు పైనే అన్నారు. అన్నీ ఆయనొక్కడే తాగాడా? అబ్బే! భార్య, ఇరుగుపొరుగు కూడా తలా ఓ చెయ్యి వేశారు. చుట్టాలూ పక్కాలూ ఉండేది అందుకే మరి!

సీసాల గుడి గురించి విన్నారా? థాయ్‌లాండ్‌లోని సిసాకెట్ ప్రాంతంలో బౌద్ధ భిక్షువులు 1984లో ఖాళీ సీసాలు పోగెయ్యడం మొదలుపెట్టారు. ఊళ్లవాళ్లు తెచ్చిచ్చారు, అధికారులు పంపించారు. చివరికి 15 లక్షల సీసాలతో ఆలయం లేచింది. ఆకుపచ్చవీ, గోధుమరంగువీ, ఎక్కువ భాగం బీరువే. మూతలు వృథా పోతాయా? వాటితో బుద్ధుడి బొమ్మలు కూర్చారు. అక్కడి మరుగుదొడ్డి కూడా సీసాలదే. మత్తు ముట్టుకోబోమని వ్రతం పట్టినవాళ్ల చేతికి ఎలాంటి ఇటుకలు దొరికాయో చూడండి!

ఇక పేపరు పిచ్చోళ్ల సంగతి. పేపరుతో ఇల్లు కట్టొచ్చని మీకు తెలుసా? అమెరికాలోనే రాక్‌పోర్ట్ అనే ఊళ్లో ఎలిస్ స్టెన్‌మన్ 1922లో కట్టడం మొదలెట్టాడు. కాగితాలకు పెట్టే క్లిప్పులుంటాయే, అవి తయారుచేసే యంత్రాలు రూపొందించే ఇంజినీరు ఆయన. చట్రం, కప్పు, నేల చెక్కవి. గోడలు మాత్రం వార్తాపత్రికలు. 215 పొరల మందం! జిగురు బజారులో కొనలేదు. పిండి, నీళ్లు, ఆపిల్ తొక్కలు కలిపి ఇంట్లోనే కాచుకున్నాడు. పైన వార్నిష్ పూశాడు. అంతే, వందేళ్లు దాటినా నిలబడే ఉంది.

ఆగండి, అయిపోలేదు. కుర్చీలు, బల్లలు, దీపపు స్తంభం, అన్నీ పేపర్లు చుట్టలు చుట్టి చేసినవే. 1927లో లిండ్‌బర్గ్ ఒంటరిగా అట్లాంటిక్ మీదుగా విమానం నడిపిన వార్తలన్నీ కలిపి ఓ రాతబల్ల అయ్యాయి. అప్పటి 48 రాష్ట్రాల రాజధానుల పత్రికలు కలిసి ఓ నిలువెత్తు గడియారం అయ్యాయి. మొత్తం లక్ష పేపర్లు హరీ! ఇప్పటికీ దగ్గరికెళ్లి వంగి చూస్తే అక్షరాలు చదవొచ్చు. పొయ్యి మాత్రం ఇటుకలదే. మరీ అంత అమాయకుడేం కాదు!

పగిలిన పళ్లేలు, చిట్లిన కప్పులు మీరేం చేస్తారు? ఫ్రాన్స్‌లోని షార్త్ర్ పట్టణంలో శ్మశానం ఊడ్చే రేమోన్ ఇజిదోర్ 1938 నుంచీ వాటిని ఏరుకొచ్చి ఇంటికి అతికించాడు. గోడలకు, నేలకు, మంచానికి, వంటపొయ్యికి కూడా. ఏదీ మిగల్లేదు కదా అనుకునేలోపు భార్య కుట్టుమిషనుకూ అతికించేశాడు! ఇలాంటి కథలన్నింటిలోనూ కళాకారుడికి ఒక ఓటు వేస్తే, ఆ ఇంట్లో కాపురం చేసిన మనిషికి రెండు వెయ్యాలని నా తీర్పు.

33 ఏళ్లు ఒకే పని మీద కూర్చున్న మేస్త్రీని చూశారా? లాస్ ఏంజెలెస్‌లో సైమన్ రోడియా 1921లో మొదలెట్టి 1954 దాకా తన పెరట్లో గోపురాలు కట్టుకుంటూనే పోయాడు. ఇనప చువ్వలు, సిమెంటు, సోడా సీసాల గాజు, పెంకులు, ఆల్చిప్పలు. పెద్ద గోపురం ఎత్తు దాదాపు 100 అడుగులు. వీధి పిల్లలు పగిలిన పింగాణీ ముక్కలు తెచ్చిస్తే చిల్లర చేతిలో పెట్టేవాడు. సరుకు సరఫరాదారులంటే వాళ్లే! పని పూర్తయ్యాక ఏం చేశాడనుకున్నారు? స్థలం పక్కింటాయనకు రాసిచ్చి ఊరు వదిలి వెళ్లిపోయాడు.

తర్వాత నగర అధికారులొచ్చి ‘ఇది కూలిపోతుంది, కూల్చేస్తాం’ అన్నారు. 1959లో నాలుగున్నర టన్నుల బలంతో గుంజి చూశారు. గోపురం చెక్కు చెదరలేదు. అధికారులే వెనక్కి తగ్గారు!

సర్కారు ఉద్యోగి డ్యూటీ దిగాక రహస్యంగా మళ్లీ పని చేశాడంటే నమ్ముతారా? చండీగఢ్‌లో నేక్‌చంద్ రోడ్ల ఇన్‌స్పెక్టరు. కొత్త నగరం కోసం పాత ఊళ్లు కూలుస్తుంటే ఆ శిథిలాలన్నీ ఆయన కంట పడ్డాయి. 1957 నుంచీ సైకిలు మీద మోసుకెళ్లి, సుఖ్నా సరస్సు దగ్గరి అడవిలో దాచాడు. రాత్రిళ్లు బొమ్మలు చేశాడు. పగిలిన పింగాణీ, కాలిపోయిన ఎలక్ట్రిక్ సామాను, చిట్లిన గాజుముక్కలు. ఒళ్లంతా గాజుముక్కలు తొడుక్కున్న ఆడబొమ్మలు అక్కడ బారులు తీరి ఉంటాయి. అదంతా ప్రభుత్వ అటవీ భూమి, ఎవరూ అడుగు పెట్టకూడదు. పద్దెనిమిదేళ్ల దాకా పట్టుబడలేదు!

పట్టుబడ్డాక సస్పెన్షనా? కాదు. 1976లో దాన్నే ‘రాక్ గార్డెన్’గా జనానికి తెరిచారు. ఆయనకు జీతం, 50 మంది కూలీలు! 1984లో పద్మశ్రీ కూడా. ఇప్పుడది దాదాపు 40 ఎకరాలు. ఆక్రమణ చేసి పద్మశ్రీ కొట్టడం మాత్రం మీరు ప్రయత్నించకండి.

వయొలిన్ ధర ఇంటి ధర కంటే ఎక్కువుండే ఊరుందని మీకు తెలుసా? పరాగ్వేలోని కతేఉరా. ఊరి పక్కనే చెత్తకొండ, దాన్ని ఏరుకునే బతుకులు. అక్కడి పిల్లలకు సంగీతం నేర్పబోయిన ఫావియో చావెజ్‌కు పిల్లలు దొరికారు, వాయిద్యాలు దొరకలేదు. కోలా అని అందరూ పిలిచే నికొలాస్ గోమెజ్ అనే చెత్త ఏరే ఆయన రంగంలోకి దిగాడు. నూనె డబ్బా చెల్లో అయింది. మురుగు గొట్టం శాక్సఫోన్ అయింది, దాని మీటలు చెంచా కాడలు, సీసా మూతలు. ఆ పిల్లలు 2014లో మెటాలికా బ్యాండుతో కలిసి దేశాలు తిరిగారు. మన వంటింట్లో చెంచాలు మాత్రం సాంబారు దాటి ఎక్కడికీ వెళ్లలేదు!

తెగిపోయిన హవాయి చెప్పులు ఏనుగు అవుతాయా? కెన్యాలో అవుతాయి. సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిన చెప్పులతో కివాయూ దీవి పిల్లలు ఆటబొమ్మలు చేసుకుంటుంటే పెద్దవాళ్లు చూసి ఆ కిటుకు పట్టుకున్నారు. ఇప్పుడు నిలువెత్తు జిరాఫీలూ తయారవుతున్నాయి.

మనవాళ్లేమీ తక్కువ తినలేదు. హైదరాబాద్ బహదూర్‌పురాలో సుధాకర్ పాత ఇనప సామానుతో బర్గర్ కారు, బూటు కారు, ఆఖరికి టాయిలెట్ కారు కూడా చేశారు. అన్నీ నడుస్తాయి! 2005లో 41 అడుగుల ఎత్తు మూడు చక్రాల సైకిలు తొక్కి గిన్నిస్‌కెక్కారు. అటు తెనాలిలో తండ్రీకొడుకులైన శిల్పులు నట్లు, బోల్టులు అతికి నిలువెత్తు విగ్రహాలు నిలబెడుతున్నారు.

ఐఐటీలో చదివి అగ్గిపుల్లలు ఏరుకున్నాయన తెలుసా? అరవింద్ గుప్తా, కాన్పూర్ ఐఐటీ. సైకిలు వాల్వ్ ట్యూబు ముక్కలకు అగ్గిపుల్లలు గుచ్చి త్రికోణాలు, ఇళ్లు, అణువుల ఆకారాలు చేసి పిల్లలకు చూపించారు. చెత్తతో ఆటబొమ్మలు చేయించే పుస్తకాలు రాశారు, తెలుగులోనూ ఉన్నాయి. 2018లో పద్మశ్రీ వచ్చింది. ‘చెత్త పోగెయ్యకురా’ అని ఇక మీ అబ్బాయిని ఏ నోటితో తిడతారు?

అమ్మమ్మ కుట్టిన బొంతకు తపాలా బిళ్ల వేస్తారా? అమెరికాలో 2006లో వేశారు. అలబామాలోని గీస్ బెండ్ అనే పల్లెలో నల్లజాతి స్త్రీలు పాత బట్టలతో కుట్టిన బొంతలవి. అక్కడ మిసౌరీ పెట్‌వే 1942లో, పోయిన భర్త పనిలోకి తొడుక్కున్న బట్టలనే కత్తిరించి బొంత కుట్టుకుంది, కూతురు పక్కన కూర్చుని చెయ్యి సాయం చేసింది. కప్పుకుంటే ఆయన గుర్తుండాలని. దీనికి జోకు వెయ్యను.

చివరిగా ఒక్కటి. పేపరూ మెంతులూ కలిస్తే బుట్ట అవుతుందని మీకు తెలుసా? అమ్మమ్మలకు తెలుసు. పాత పేపర్లు చింపి రెండు రోజులు నానేసి, నానిన మెంతులు కలిపి మెత్తగా రుబ్బి, బోర్లించిన గిన్నె మీద చేత్తో అద్దుతారు. ఆరాక గిన్నె లాగేస్తే బుట్ట మిగులుతుంది. మెంతుల జిగురే గమ్ము, చేదుకు పురుగు కూడా రాదంటారు. పైన రంగుతో ఓ ముగ్గు వేస్తే పేరంటానికి పసుపు కుంకుమలు పెట్టుకోవచ్చు. ఈ ఆదివారం పేపర్ల కట్ట కాటా ఎక్కేలోపు నాలుగు పక్కకు తీసి, పిల్లల్ని కూర్చోబెట్టుకుని మొదలెట్టండి. మిక్సీ మాత్రం ఇంట్లో అడిగి తీసుకోండి!